మన మండలాలకి లాటరీ తీసి ఉపాధి కార్డులు ఇచ్చారంట, ఈ రీసెర్చ్ గురించి తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి

పెన్నా_తీరం:

అందరికీ నమస్తే. గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతూ ఎకానమీ నోట్స్ రాసుకుంటుంటే ఒక పేపర్ కంటబడింది. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ అని ముగ్గురు రాసింది, 2016లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 8 జిల్లాలు తీసుకున్నారు, అనంతపురం, కడప, కర్నూలు, నెల్లూరు, విజయనగరం, ఖమ్మం, నల్గొండ, ఆదిలాబాద్. ఉపాధి హామీ కూలీ, పింఛను డబ్బులు వేలిముద్ర పెట్టి తీసుకునే స్మార్ట్‌కార్డులు ఉండేవి కదా, అవి ఏ మండలానికి ముందు ఇవ్వాలి ఏ మండలానికి తర్వాత ఇవ్వాలి అనేది లాటరీ తీసి నిర్ణయించారంట, మొత్తం 157 మండలాలు, 1.9 కోట్ల జనం. కొన్ని మండలాలకి 2010లోనే వచ్చాయి, కొన్నిటికి రెండేళ్ళు ఆగాల్సొచ్చింది.

మాది ఆ జిల్లాల్లో ఒకటే. మా అమ్మ అప్పట్లో కరువు పనికి పోయేది, ఇంట్లో అడిగితే వేలిముద్ర మిషన్ బాగా గుర్తుంది గానీ లాటరీ అనేది ఒకటి జరిగిందని ఒక్కరికీ తెలీదు, మా మండలం ముందు వరసలో ఉందో వెనక వరసలో ఉందో కూడా తెలీదు. చదివాక మనసు ఒక పట్టాన ఊరుకోవట్లేదు. కూలి చేసుకునే వాళ్ళని ఇలా రెండు గుంపులు చేసి చూడడం న్యాయమేనా? సరే చేశారు, దానివల్ల తేలింది ఏంటి, మనోళ్ళకి ఏమన్నా మేలు జరిగిందా, అసలు ఆ అంకెలు నమ్మొచ్చా? ఇంగ్లీష్ పేపర్ మొత్తం చదివే ఓపిక ఉంది గానీ అందులో లెక్కలు నాకు అందట్లేదు, తెలిసినవాళ్ళు తెలుగులో చెబితే చాలా హెల్ప్ అవుతుంది.

గోదారి_అమ్మాయి:

నేను ఇదే సబ్జెక్టులో పీహెచ్‌డీ చేస్తున్నా తమ్ముడూ, ఈ పేపర్ మాకు క్లాసులో పాఠంగా చెప్తారు, మన మండలాల పేర్లు బయట దేశాల స్టూడెంట్స్ నోట్సుల్లో ఉంటాయి మన ఊళ్ళో మాత్రం ఎవరికీ తెలీదు అనేది నాకూ చాలా బాధగా ఉంటుంది.

ముందు లాటరీ సంగతి. ప్రభుత్వం ఈ కార్డులు 2006 నుంచే మొదలుపెట్టింది, ఈ 8 జిల్లాల్లో మాత్రం కాంట్రాక్టు తీసుకున్న బ్యాంకులు పని సాగించలేకపోయాయి, 2010లో మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టాల్సొచ్చింది. ఒక్కరోజులో అన్ని మండలాలకీ మిషన్లు, మనుషులు, కార్డులు పంపడం ఎవరివల్లా కాదు, ఎలాగూ విడతలవారీగానే వెళ్ళాలి. మామూలుగా అయితే ముందు ఎవరికి అనేది ఎమ్మెల్యే పలుకుబడి బట్టో, రోడ్డు పక్కన ఉన్న మండలం బట్టో జరిగేది. ఇక్కడ ప్రభుత్వంతో మాట్లాడుకుని ఆ వరసని లాటరీకి వదిలేశారు, 112 మండలాలు ముందు, 45 మండలాలు చివర, మధ్యలో ఇంకో 139 మండలాలు లెక్కలోకి తీసుకోకుండా గ్యాప్‌కి పెట్టుకున్నారు, ఎందుకంటే చివరి విడత మొదలయ్యే లోపు సర్వే పూర్తవ్వాలి కదా, ఆ టైమ్ కోసం. అంటే ఎవరికీ శాశ్వతంగా ఎగ్గొట్టింది లేదు, వరస మాత్రమే లాటరీ. నాకైతే పలుకుబడి కంటే లాటరీనే న్యాయంగా అనిపిస్తుంది. కానీ లాటరీ జరిగిందని ఒక్కరికీ తెలీదు అన్నావ్ చూడు, జనానికి చెప్పారా లేదా అనేది వేరే ప్రశ్న, దానికి తర్వాత వస్తా.

తేలింది ఏంటంటే, కార్డులు వచ్చిన మండలాల్లో పని చేసిన రోజు నుంచి డబ్బు చేతికొచ్చే లోపు గడిచే రోజులు తగ్గాయి, డబ్బు తీసుకోడానికి పట్టే టైమ్ ఒక్కో సారికి 22 నిమిషాలు తగ్గింది. 22 నిమిషాలు ఏముంది అనుకోవద్దు, కూలీలకి మిగిలిన ఆ టైమ్ విలువ ఒక్కటీ లెక్కేస్తేనే మొత్తం ఏర్పాటుకి అయిన ఖర్చుకి సరిపోయింది.

అసలైంది ఇంకోటి. ఆ మండలాల్లో కుటుంబాలు మేము అందుకున్నాం అని చెప్పిన ఉపాధి కూలి 24% పెరిగింది, ప్రభుత్వం ఖజానా నుంచి పంపిన డబ్బు మాత్రం పెరగలేదు. ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పక్కర్లేదు, మధ్యలో పోయే డబ్బు మధ్యలో పోవడం తగ్గింది. సర్వే ఎలా చేశారంటే మస్టర్‌లో పేర్లున్న జాబ్‌కార్డులు తీసుకుని ఆ ఇళ్ళకే పోయి, నువ్వు ఎన్ని రోజులు పని చేశావ్, నీ చేతికి ఎంత వచ్చింది అని అడిగారు. మనిషి ఉన్నాడు, కార్డు ఉంది, మస్టర్‌లో పేరు పడింది, కానీ చేతికి పైసా రాలేదు, ఇలాంటి కేసులు తగ్గడమే లీకేజీ తగ్గడానికి పెద్ద కారణం. వేలిముద్ర పెట్టాలంటే ఆ మనిషే రావాలి కదా.

నల్గొండ_రైతుబిడ్డ:

అక్కా మీరు చెప్పింది బాగానే ఉంది గానీ రైతు సైడు నుంచి కూడా చూడాలె. మా తాన నాట్లు, కలుపులు, పత్తి ఏరుడు టైమ్‌కి కూలోళ్ళు దొరకుతలేరు, అడిగితే ఉపాధి పనికి పోయినం అంటరు, కూలి రేటు ఏడాదికేడాది పెరుగుతనే ఉంది. మా నాయిన మూడెకరాలు చేస్తడు, పెట్టుబడిలో సగం కూలికే పోతది. గవర్నమెంటు పని సక్కగ నడిస్తే రైతుకి నష్టమే అనేది మా ఊరంత అనుకునే మాట, గా పేపర్ల దీని గురించి ఏమన్న రాసిన్రా లేక కూలోళ్ళ దిక్కే చూసిన్రా?

గోదారి_అమ్మాయి:

రాశారు తమ్ముడూ, దానికోసం వేరే పేపరే ఉంది, అదే ముగ్గురు, అవే మండలాలు, 2023లో ఎకనామెట్రికాలో వచ్చింది. నాకు మొదటిదానికంటే ఇదే గొప్పగా అనిపిస్తుంది.

ఉపాధి చెల్లింపులు సక్రమంగా అయిన మండలాల్లో పేద కుటుంబాల సంపాదన 14% పెరిగింది, పేదరికం 26% తగ్గింది. ఆ పెరిగిన సంపాదనలో 86% ఉపాధి హామీ డబ్బు కాదు, బయట పనుల్లో, అంటే పొలం పని, మేస్త్రీ పని, ఇలాంటి వాటిలో వచ్చింది. కూలీకి నమ్మకంగా డబ్బిచ్చే ఇంకో పని ఊళ్ళోనే ఉంది అంటే, పొలం యజమాని దగ్గర రేటు గురించి గట్టిగా మాట్లాడగలుగుతారు, ఉపాధి పనికి వెళ్ళకపోయినా సరే. కాబట్టి మీ నాన్నగారు కూలి రేటు పెరిగింది అంటున్నది నిజమే, పేపర్ కూడా అదే అంటోంది.

కానీ రేటు పెరిగితే రైతులు కూలీలని తగ్గించుకోవాలి కదా, ప్రైవేటు పనిదినాలు పడిపోవాలి కదా, అలా జరగలేదు, పైగా పెరిగాయి. ఎందుకు అని వెదికితే భూమి కొద్దిమంది చేతుల్లో ఎక్కువగా ఉన్న ఊళ్ళలో ఈ పని పెరుగుదల ఇంకా ఎక్కువ కనిపించింది. ఊళ్ళో పని ఇచ్చేవాళ్ళు ఇద్దరు ముగ్గురే ఉంటే రేటు వాళ్ళు చెప్పిందే, ఆ రేటుకి రామని చాలామంది ఇంట్లో ఉండిపోతారు, రేటు కాస్త పెరగ్గానే వాళ్ళూ పనికొస్తారు. ధరలు పెరిగాయి అనడానికి ఆధారం దొరకలేదు. ఊళ్ళలో కిరాణా కొట్లు, చిన్న చిన్న దుకాణాల లాంటివి కూడా పెరిగాయి, జనం చేతిలో డబ్బు ఆడితే అది అక్కడే ఖర్చవుతుంది కదా.

అయితే ఒకటి ఒప్పుకోవాలి, మూడెకరాల రైతు పెద్ద భూస్వామి కాదు, ఆయనే సొంతంగా కూలికి కూడా పోతుండొచ్చు, ఆ ఇంటికి లాభమా నష్టమా అనేది ఊరిని బట్టి, సంవత్సరాన్ని బట్టి మారుతుంది. సగటు అంకె చూపించి ఆయన కష్టం లేదని ఎవరూ అనకూడదు. కాకపోతే కూలోళ్ళు దొరకట్లేదు అనే మాట ఎవరు ఎక్కువ గట్టిగా అంటున్నారు, మూడెకరాలోళ్ళా ముప్పై ఎకరాలోళ్ళా అని మీ ఊళ్ళో ఒకసారి గమనించు.

నాగావళి:

నేను విజయనగరం జిల్లాలో ఆ మిషన్ పట్టుకుని డబ్బులు పంచినదాన్నండి, మమ్మల్ని సీఎస్‌పీలు అనేవారు. ఈ చర్చలో మిషన్ పట్టుకున్నోళ్ళ గురించి ఎవరూ అనట్లేదు అని రాస్తున్నా. ఆ పనికి ఆడవాళ్ళకే ప్రాధాన్యం, అదే ఊరి మనిషై ఉండాలి, డ్వాక్రా సంఘంలో ఉండాలి, హైస్కూలు చదువు ఉండాలి, ఊరి పెద్దలకి చుట్టం కాకూడదు అని రూలు పెట్టారు. ఆ రూలు వల్లే నాలాంటిదానికి ఆ పని వచ్చింది.

కార్డు పెట్టగానే ఫొటో, పేరు వస్తాయి, వేలు పెట్టమంటాం, సరిపోతే డబ్బు, రసీదు. రాళ్ళ పని, మట్టి పని చేసినోళ్ళకి వేలి గీతలు అరిగిపోయుంటాయి, ముసలోళ్ళకి మరీను, ఒక వేలు పడకపోతే ఇంకో వేలు, తడి గుడ్డతో తుడిపించి మళ్ళీ పెట్టించేదాన్ని. అప్పట్లో ఇప్పట్లాగ వేలు పడకపోతే ఇంక అంతే అనే పరిస్థితి లేదండి. వేలు పడకపోయినా, కార్డు ఇంకా రాకపోయినా, మనిషిని ఊరంతా ఎరుగుదుం కాబట్టి చేతిరాతతో సంతకం తీసుకుని డబ్బిచ్చే దారి ఉంచారు. ఇంటి గుమ్మానికి దగ్గర్లో, ఎరిగున్న ఆడమనిషి చేతి నుంచి డబ్బు వస్తుంటే మా ఊరి ముసలమ్మలకి ఎంత ధైర్యంగా ఉండేదో. రీసెర్చ్ వాళ్ళు మిషన్ గురించి ఎక్కువ రాస్తారు, ఊళ్ళోకి డబ్బు నడిచొచ్చింది అన్నది కూడా రాయాలి.

ఫిజిక్స్_మాస్టారు:

నాగావళి గారూ, మీరు రాసినది ఈ థ్రెడ్‌లో అన్నిటికంటే ముఖ్యమైన విషయం, చేతిరాత దారి గురించి.

నేను డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను, మొదట్లో పెన్నా_తీరం అడిగిన నమ్మొచ్చా అనే ప్రశ్నకి మా వైపు నుంచి ఒక సంగతి చెప్తా. 2023 జూలైలో కొరియా వాళ్ళు ఎల్‌కే-99 అనే పదార్థం తయారు చేశాం, మామూలు గది వేడిలో కూడా, 127 డిగ్రీల దాకా సూపర్‌కండక్టర్‌గా, అంటే కరెంటుని ఏ అడ్డూ లేకుండా పోనిచ్చేదిగా పనిచేస్తుంది అని ప్రీప్రింట్ (ఇంకా ఎవరూ పరిశీలించని పేపర్) పెట్టారు. సీసం, రాగి, ఫాస్ఫరస్ లాంటివి కలిపి కొలిమిలో కాల్చి చేసేదే, పెద్ద ఖరీదైన పని కాదు, అందుకే ప్రపంచం మొత్తం మీద ల్యాబులు వెంటనే చేసి చూశాయి, మన ఢిల్లీ నేషనల్ ఫిజికల్ లాబొరేటరీలో కూడా చేశారు, సూపర్‌కండక్టివిటీ కనిపించలేదు. ఆగస్టు సగానికల్లా విషయం తేలిపోయింది. రెసిస్టెన్స్ ఒక్కసారిగా పడిపోయినట్టు కనిపించింది అందులో కలిసిపోయిన కాపర్ సల్ఫైడ్ వల్ల, అది 104 డిగ్రీల దగ్గర రూపం మారుతుంది. జర్మనీలో మాక్స్ ప్లాంక్ వాళ్ళు మలినం లేకుండా క్రిస్టల్ పెంచి చూస్తే అది కరెంటే పోనివ్వని ఇన్సులేటర్ అని తేలింది. మా పిల్లలకి నేను ఈ కథ ప్రతి బ్యాచ్‌కీ చెప్తాను, నెల తిరక్కముందే సైన్స్ తనని తాను సరిదిద్దుకున్న తీరు చూసి వాళ్ళ కళ్ళు మెరుస్తాయి.

కానీ 2010 నాటి అనంతపురాన్ని మళ్ళీ కాల్చి తయారు చేయలేం కదా. ఆ సంవత్సరం వానలు, ఆ కూలి రేట్లు, ఆ ప్రభుత్వం మళ్ళీ రావు. అందుకే లాటరీ కావాలి. కార్డు వచ్చిన మండలం, రాని మండలం, రెండిటికీ అవే వానలు అవే ధరలు, లాటరీ వల్ల మిగతా విషయాల్లో సగటున తేడా ఉండదు, కాబట్టి తర్వాత కనిపించిన తేడా కార్డు వల్లే అని ధైర్యంగా అనొచ్చు. అంకెలు నమ్మొచ్చా అంటే, ఆ మండలాల్లో, ఆ పద్ధతిలో జరిగినదానికి నేను నమ్ముతాను. అదే మిషన్ ఇంకో చోట పెడితే అదే ఫలితం వస్తుందా అంటే మాత్రం ఆ హామీ ఎవరూ ఇవ్వలేరు. కాపర్ సల్ఫైడ్ సియోల్‌లోనూ ఢిల్లీలోనూ 104 డిగ్రీల దగ్గరే మారుతుంది, ప్రభుత్వ పథకం అలా ఉండదు.

గోదారి_అమ్మాయి:

మాస్టారూ కరెక్ట్‌గా అక్కడికే వచ్చారు. ఆ ఇంకో చోట ఏం జరిగిందో కూడా ఇదే ముగ్గురు చూశారు, జార్ఖండ్‌లో. అక్కడ రేషన్ షాపుల్లో ఆధార్ వేలిముద్ర పెట్టారు, ఏ బ్లాకులో (మన మండలం లాంటిది) ముందు అనేది మళ్ళీ లాటరీనే. వేలిముద్ర పెట్టినంత మాత్రాన లీకేజీ తగ్గలేదు, జనానికి తిరిగే ఖర్చు కాస్త పెరిగింది, ఆధార్ లింక్ కాని కుటుంబాలకి అందే సరుకు 10% తగ్గింది, వాళ్ళలో కొందరికి అసలు ఏమీ అందలేదు. ఆ తర్వాత మిషన్ లెక్క ప్రకారం షాపులో మిగిలుండాల్సిన స్టాకుని లెక్కకట్టి అంత తగ్గించి పంపడం మొదలుపెడితే లీకేజీ తగ్గింది గానీ జనానికి వచ్చే బియ్యం కూడా తగ్గిపోయింది.

రెండు చోట్లా వేలిముద్రే, మరి ఇంత తేడా ఎందుకు? నాగావళి అక్క చెప్పిందే జవాబు. మన దగ్గర ముందు మనిషికి డబ్బు చేరడం ముఖ్యం అనుకుని పనిచేశారు, రెండేళ్ళ తర్వాత కూడా సగం చెల్లింపులే కార్డు మీద జరుగుతుండేవి, మిగతావి పాత పద్ధతిలో నడవనిచ్చారు, డబ్బును ఇంటికి దగ్గర చేశారు. జార్ఖండ్‌లో ప్రభుత్వానికి డబ్బు ఆదా చేయడం ముందుకొచ్చింది. 2024 జనవరి 1 నుంచి ఉపాధి కూలికి ఆధార్ చెల్లింపు తప్పనిసరి చేసినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఇదే, మన 157 మండలాల్లో ఏ దారి అయితే తెరిచి ఉంచారో ఆ దారే మూసేశారు, పైగా టెక్నాలజీ వల్ల మేలు జరుగుతుందని చెప్పడానికి ఇవే పేపర్లు చూపిస్తున్నప్పుడు కోపం వస్తుంది. పేపర్లో ఉన్నది సగం చదివి సగం వదిలేస్తే ఎలా?

పెన్నా_తీరం:

అక్కా, మాస్టారూ, నాగావళి అక్కా, అందరికీ థాంక్స్, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు నాకు. నల్గొండ అన్న అడిగిన ప్రశ్న కూడా మా ఇంట్లో రోజూ వినేదే. ఇప్పుడు న్యాయమా కాదా అనేదాంట్లో లాటరీ మీద నాకు అనుమానం పోయింది. కానీ చెప్పారా లేదా అనేది మిగిలిపోయింది, తర్వాత వస్తా అన్నారు కదా. ఇంకోటి, ఇలాంటివి మన దగ్గర ఇంకా ఏమన్నా జరిగాయా?

బడిపంతులు_కడప:

నేను ఎస్‌జీటీని, అంటే సర్కారు బడిలో చిన్న తరగతులకి చెప్పే టీచర్ని తమ్ముడూ, రెండో దానికి నేను చెప్తా. 180 ఊళ్ళలో పిల్లలకి లాటరీ తీసి ప్రైవేటు స్కూలు ఫీజు కట్టి పంపించిన స్టడీ ఒకటి ఉంది, 2008లో మొదలైంది, 2015లో పేపర్ వచ్చింది, దాంట్లోనూ మురళీధరన్ ఉన్నాడు. నాలుగేళ్ళ తర్వాత చూస్తే తెలుగులో, లెక్కల్లో సర్కారు బడి పిల్లలకీ ప్రైవేటుకి పోయిన పిల్లలకీ తేడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు బాగా ముందున్నారు, సర్కారు బడిలో ఆ తరగతుల్లో హిందీ దాదాపు చెప్పం కాబట్టి. ఇంకో ముఖ్యమైన ముక్క ఏందంటే ప్రైవేటు వాళ్ళు తెలుగుకీ లెక్కలకీ తక్కువ పీరియడ్లు ఇచ్చి కూడా మాతో సమానంగా తెచ్చారు, ఒక్కో పిల్లాడికి అయ్యే ఖర్చు మాలో మూడో వంతు కూడా కాదు. మా స్టాఫ్ రూమ్‌లో ఇది చెప్తే సగం మంది మొదటి ముక్క పట్టుకుని సంబరపడ్డారు, సగం మంది రెండో ముక్క విని నొచ్చుకున్నారు. రెండూ నిజమే, రెండూ కలిపి మాట్లాడుకుంటేనే మా బడులకి ఉపయోగం. ఊళ్ళల్లో మాత్రం ఏ ముక్కా తెలీకుండానే పిల్లల్ని బస్సెక్కిస్తున్నారు.

గోదారి_అమ్మాయి:

తెలంగాణలో కూడా ఒకటి ఉంది, 2018లో రైతుబంధు చెక్కులు పంచినప్పుడు, కొన్ని మండలాల అధికారులకి ముందే చెప్పారు, మీ మండలంలో రైతులకి ఫోన్ చేసి చెక్కు అందిందా అని అడుగుతాం, దాన్నిబట్టి మీ పనితీరు చూస్తాం అని. అంతే, ఇంకేం చేయలేదు. చెక్కు అందని రైతుల సంఖ్య ఆ మండలాల్లో 7.8% తగ్గింది. ఖర్చంటే ఫోన్ కాల్స్ ఖర్చే.

ఇక చెప్పారా అనే ప్రశ్న. సర్వేకి వచ్చినప్పుడు ఇంట్లోవాళ్ళ అనుమతి అడిగే ప్రశ్నలు వేస్తారు, అది ఎక్కడైనా పద్ధతి. కానీ మండలానికి కార్డు ముందా వెనకా అనేది ప్రభుత్వ నిర్ణయం కాబట్టి దానికి ఒక్కొక్కరి అనుమతి తీసుకోరు, 1.9 కోట్ల మందిని అడగడం అయ్యే పనీ కాదు. దీన్ని నేను పెద్ద తప్పు అనను, ఏ పథకం వరసైనా మనల్ని అడిగి పెట్టరు కదా. నా బాధంతా ఫలితం వచ్చాక జరగనిదాని గురించే. ఉపాధి కూలి టైముకి పడితే బయట కూలి కూడా పెరుగుతుంది అనే విషయం కూలికి పోయే మనిషికి తెలిస్తే, మస్టర్‌లో పేరు పడి డబ్బు రాకపోతే ఊరుకోదు, గ్రామసభలో అడుగుతుంది. సోషల్ ఆడిట్ వాళ్ళు ఊరికొచ్చి మస్టర్ చదివేటప్పుడు ఈ నాలుగు ముక్కలు తెలుగులో చెప్పడానికి అరగంట చాలు. ఎవరికీ ఆ అరగంట తట్టలేదు.

పెన్నా_తీరం, నీకు మీ మండలం ఏ వరసలో ఉందో తెలుసుకోవాలని ఉంటే ఆ జర్నళ్ళ సైట్లలో పేపర్‌తో పాటు డేటా ఫైళ్ళు కూడా పెడతారు, ఏ వివరాలు బయటపెట్టారో చూడాలి, మెసేజ్ పెట్టు ఇద్దరం కలిసి చూద్దాం. మీ అమ్మగారికి కూడా చెప్పు ఏం తేలిందో.

నల్గొండ_రైతుబిడ్డ:

అక్కా నాక్కూడా పంపున్రి ఆ ఫైలు. మాది కూడా ఆ జిల్లానే కదా. కూలి రేటు ముచ్చట మా నాయినకి చదివి వినిపిస్త, ఒప్పుకుంటడో లేదో తెల్వదు గానీ భూమి కొద్దిమంది చేతులనే ఉన్న ఊళ్ళ గురించి చెప్పిన్రు చూడున్రి, మా పక్కూరు అచ్చం గట్లనే ఉంటది, ఆడ మాత్రం ఎవరినన్న అడగాలె.